ఫోను లేని బ్యాక్‌గామన్: కొన్న యంత్రం, కట్టిన యంత్రం

బ్యాక్‌గామన్ మాత్రమే ఆడే ఎలక్ట్రానిక్ యంత్రం కోసం వెతుకుతున్నవారికి ఈ డైరీ పనికొస్తుంది. ఫోనులో ఆడించే యాప్‌లకు కొదవ లేదు. నాకు కావలసింది ఫోను కానిది. కువైట్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో అక్కడివాళ్లు తావ్లా అని పిలిచే ఈ ఆట నాకు అంటుకుంది. హైదరాబాద్‌లో ఎదురుగా కూర్చుని ఆడేవారు దొరకడం కష్టం.

ఆట తెలియనివారికి రెండు మాటలు. పలక మీద 24 గడులు, చెరి 15 కాయలు, రెండు పాచికలు. పచ్చీసులో లాగే కాయలను తిప్పుకొచ్చి పండించుకోవాలి. ఒంటిగా దొరికిన కాయను ఎదుటివాడు చంపితే అది పలక నడుమ ఉండే బార్ మీదికి పోయి మొదటి నుంచి బయలుదేరాలి. పచ్చీసులో లేనిది డబ్లింగ్ క్యూబ్, పందెం ఎన్ని రెట్లో చూపే ఘనం. ఆట మధ్యలో ఒకరు పందెం రెట్టింపు చేస్తానంటే రెండోవారు ఒప్పుకోవాలి, లేదా ఆ ఆట వదులుకోవాలి. 1920లలో న్యూయార్క్‌లో పుట్టిన ఈ క్యూబ్ లేకపోతే ఆటలో సగం లేనట్టే.

యంత్రంలో నేను చూసుకున్నవి:

1. నెట్, ఖాతా, ప్రకటనలు ఉండకూడదు.
2. క్యూబ్, మ్యాచ్ స్కోరు, క్రాఫర్డ్ నియమం ఉండాలి. ఒక ఆటగాడు మ్యాచ్ గెలుపుకు ఒక్క పాయింటు దూరంలోకి రాగానే వచ్చే ఆటలో ఎవరూ క్యూబ్ తిప్పకూడదన్నదే ఆ నియమం.
3. పాచికల మీద అనుమానం రాకూడదు.
4. నాకంటే బాగా ఆడాలి, కావాలంటే తగ్గి ఆడాలి.

దశ 1: కొనుగోలు

ఇలాంటి యంత్రాలు కొత్తవేమీ కాదు. చదరంగం యంత్రాలతో పేరు తెచ్చుకున్న ఫిడెలిటీ కంపెనీ 1970ల చివర్లోనే బ్యాక్‌గామన్ ఛాలెంజర్ అమ్మింది. అది ఇప్పుడు పాత వస్తువులు సేకరించేవారి సరుకు. తర్వాత అరచేతిలో ఇమిడే ఎల్‌సీడీ యంత్రాలు వచ్చాయి. వాటిలో ఒకటి, తయారీదారు పేరు అనవసరం, పాత సామాన్లు అమ్మే ఒకాయన దగ్గర 1,850 రూపాయలకు తీసుకున్నాను.

వచ్చిన స్థితి: బ్యాటరీ గదిలో తెల్లటి పొక్కు, తెర మీద నిలువుగా రెండు వరుసలు మాయం. ఈ రెండు జబ్బులూ ఈ రకం యంత్రాలన్నిటికీ వస్తాయి కాబట్టి మరమ్మతు వివరంగా రాస్తున్నాను.

1. ఆల్కలైన్ సెల్ కారితే మిగిలేది క్షారం. దూదిపుల్లను వెనిగర్‌లో ముంచి రుద్దితే పొంగి కరుగుతుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. నీళ్లు వద్దు.
2. స్ప్రింగుకు పట్టిన తుప్పును సన్నటి గరుకు కాగితంతో తీయాలి. బ్యాటరీ నుంచి బోర్డుకు చేరే దారిలో నిరోధం మొదట 14 ఓములు, రుద్దాక 0.4.
3. తెర వరుసలు పోవడానికి కారణం గాజుకూ బోర్డుకూ మధ్య ఉండే చారల రబ్బరు పట్టీ. దాన్ని పట్టుకారుతో తీసి, ఆల్కహాల్‌తో తుడిచి, చట్రం వెనక రెండు మడతల కాగితం పెట్టి మరలు సమానంగా బిగించాలి. ఒక మూలే ముందు బిగిస్తే వేరే వరుస పోతుంది.

తెర పూర్తిగా వచ్చింది. అసలు పరీక్ష ఆ తర్వాత.

*పాచికల పరీక్ష.* కంప్యూటర్ తనకు కావలసిన పందేలు, అంటే పాచికల అంకెలు, వేసుకుంటుందన్న ఫిర్యాదు ఈ యంత్రాలంత పాతది. 360 పందేలు రాసుకున్నాను. రెండు పాచికల మీదా ఒకే అంకె పడే జంటలు ఆరింట ఒక వంతు, అంటే 60 రావాలి. 67 వచ్చాయి. ఇన్ని పందేలకు ప్రామాణిక విచలనం సుమారు 7 కాబట్టి ఇది మామూలు ఊగిసలాటే, మోసం కాదు. కానీ ఇంకో సంగతి బయటపడింది. బ్యాటరీలు తీసి మళ్లీ వేస్తే మొదటి పందేలు ప్రతిసారీ అదే వరుసలో వస్తున్నాయి: 4-1, 6-3, 2-2, 5-1. యాదృచ్ఛిక సంఖ్యల లెక్క ప్రతిసారీ ఒకే చోటు నుంచి మొదలవుతోందన్నమాట. మూడో పందెం 2-2 అని ముందే తెలిస్తే ఇక ఆడేదేముంది?

*ఆట పరీక్ష.* ఒకటి రెండు ఆటల గెలుపోటములు చూసి యంత్రం బలం తేల్చకూడదు. 1979లో మాంటీ కార్లోలో హాన్స్ బెర్లినర్ రాసిన బీకేజీ 9.8 అనే ప్రోగ్రామ్ అప్పటి ప్రపంచ విజేత లూయీజీ విల్లాను 7-1తో ఓడించింది. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. కానీ పాచికలు తన ప్రోగ్రామ్‌కు కలిసొచ్చాయని, ఎత్తుల నాణ్యతలో విల్లాదే పైచేయి అని తర్వాత బెర్లినరే ఒప్పుకున్నారు. కాబట్టి గెలిచిందా అని కాకుండా, తెలిసిన స్థితిలో ఏ ఎత్తు వేసిందో చూడాలి. మొదటి పందేల్లో అయిదింటికి వాదనకు తావులేని ఎత్తులున్నాయి (8/5 అంటే ఎనిమిదో గడి కాయను అయిదో గడికి జరపడం; గడుల లెక్క ఎవరు పండించుకునే వైపు నుంచి వారికి):

- 3-1: 8/5, 6/5
- 4-2: 8/4, 6/4
- 5-3: 8/3, 6/3
- 6-1: 13/7, 8/7
- 6-5: 24/13

పందెం మనమే వేసి చెప్పే వీలున్న ఏ యంత్రం మీదైనా అయిదు నిమిషాల్లో ఈ పరీక్ష పెట్టవచ్చు. నాది 3-1, 6-1, 6-5 సరిగా ఆడింది. 4-2కు 24/18 అని పరుగు తీసింది. 5-3కు 13/10, 13/8 అని కాయలు దింపింది. మూడో గడి కట్టాలన్న ఆలోచన దానికి రానేలేదు. క్యూబ్ ఉంది గాని మ్యాచ్ స్కోరు లేదు, కాబట్టి క్రాఫర్డ్ ఊసే లేదు.

ఖర్చు: యంత్రం 1,850, ఆల్కహాల్, సెల్‌లు 190. మొత్తం: 2,040 రూపాయలు.

కొనే దారి ఇక్కడితో మూసేశాను. నా నాలుగు షరతులూ తీర్చే కొత్త యంత్రం నా వెతుకులాటలో ఎక్కడా కనిపించలేదు.

దశ 2: సెన్సర్ల మోజు

కట్టేటప్పుడు మొదట ఎవరికైనా తట్టేది, కాయ జరిపితే పలక దానంతట అది గుర్తుపట్టాలని. ఒక్కో గడిలో అయిదు కాయలు వరుసగా పడతాయి, కాబట్టి 24 గడులకు 120 సెన్సర్లు. అన్నీ కొనకుండా రెండు గడుల నమూనా చేశాను.

కాయలకు క్యారమ్ కాయిన్లు సరిగ్గా సరిపోయాయి. పోటీ నియమాల ప్రకారం వాటి వ్యాసం 3.02 నుంచి 3.18 సెంటీమీటర్లు. ఒక సెట్టులో తొమ్మిది తెల్లవి, తొమ్మిది నల్లవి, కాబట్టి రెండు సెట్లు కొంటే చెరి 15 పోను మూడేసి మిగులుతాయి. రెండు ఎర్ర కాయిన్లు పక్కన పెట్టాలి. గడి వెడల్పు 34 మిల్లీమీటర్లు పెట్టుకున్నాను.

కాయ అడుగున 6 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న నియోడిమియం అయస్కాంతం, పలక కింద గాజు రీడ్ స్విచ్, అంటే అయస్కాంతం దగ్గరికి వస్తే మూసుకునేది. ఫలితాలు:

- కాయ సరిగ్గా స్విచ్ నడిమి మీద ఉంటే స్విచ్ మూసుకోదు. 6 నుంచి 8 మిల్లీమీటర్లు అటో ఇటో జరిగితే మూసుకుంటుంది. అయస్కాంతం ధ్రువాలు పైకీ కిందికీ ఉన్నప్పుడు పడుకోబెట్టిన రీడ్ నడుమ ఉండే మృత స్థానం ఇది. స్విచ్‌ను నిలబెడితే పని చేస్తుంది, కానీ అప్పుడు పలక మందం 9 నుంచి 25 మిల్లీమీటర్లకు పోతుంది.
- బదులుగా అయస్కాంతాన్ని పసిగట్టే ఏ3144 హాల్ సెన్సర్ చిప్ పెట్టి చూస్తే, అది ఒక్క ధ్రువాన్నే పట్టుకుంటుంది. కాయ తిరగబడితే పలకకు అది కాయే కాదు. బ్యాక్‌గామన్‌లో కాయలు ఏ వైపు పడితే ఆ వైపు ఉంటాయి.
- ఆరో కాయ అయిదింటి మీద ఎక్కి కూర్చుంటుంది. దాన్ని ఏ సెన్సరూ లెక్కపెట్టలేదు.
- 6 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో రంధ్రం వేస్తే కొన్ని కాయలు నారవెంట చీలాయి. ముందు 3తో వేసి తర్వాత 6తో పెంచితే చీలలేదు.

ఈ వరుసలో నన్ను ఆపింది మూడోది. మొదటి రెండిటికీ డబ్బు పెడితే మందు ఉంది, మూడోదానికి లేదు. అక్కడే ఆలోచన తిరగబడింది. పాచికల అంకెలు తెలిస్తే సాధ్యమయ్యే ఎత్తులు కొన్నే. ఏ గడి నుంచి ఏ గడికో ఆటగాడు రెండు బటన్లు నొక్కి చెబితే చాలు, యంత్రం కాయలను చూడనక్కర్లేదు. పాచికలూ అంతే. నిజమైన పాచికలు ఇద్దరికీ నేనే వేసి అంకెలు నొక్కితే, యంత్రం మోసం చేసిందన్న మాటే పుట్టదు. ఓడిపోతే నా చేతినే తిట్టుకోవాలి.

ఖర్చు: రీడ్ స్విచ్‌లు, హాల్ సెన్సర్లు 120, అయస్కాంతాలు 160, రెండు సెట్ల క్యారమ్ కాయిన్లు 440. మొత్తం: 2,760.

దశ 3: మెదడు

ఎంచుకున్నది జీఎన్‌యూ బ్యాక్‌గామన్ అనే ప్రోగ్రామ్. ఉచితం, డెబియన్ లైనక్స్ భాండారంలో సిద్ధంగా దొరుకుతుంది, బొమ్మల తెర లేకుండా అక్షరాల ఆదేశాలతోనే నడుస్తుంది. 1990ల మొదట్లో ఐబీఎమ్‌లో జెరాల్డ్ టెసారో చేసిన టీడీ-గామన్ తనతో తానే ఆడుకుని ఆట నేర్చుకుంది. ఆ న్యూరల్ నెట్‌వర్క్ దారి నుంచే ఇదీ వచ్చింది. దీన్ని నడపడానికి రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ బోర్డు, 512 మెగాబైట్ల మెమరీ.

కొలిచిన వేగాలు:

- ముందుచూపు లేకుండా: నొక్కిన వేలు తీసేలోపే జవాబు.
- రెండు ఎత్తుల ముందుచూపు: మామూలు స్థితిలో 2 నుంచి 5 సెకన్లు. జంట పడి కాయలు చెదిరి ఉంటే 11 దాకా.
- మూడు ఎత్తులు: అర నిమిషం పైమాటే. ఎదురుగా కూర్చున్నవాడు అంతసేపు ఆలోచిస్తే మనమే లేచి వెళ్తాం.

రెండు దగ్గర ఆపాను. పై అయిదు పందేల పరీక్షలో ముందుచూపు లేకుండానే అయిదుకు అయిదు వచ్చాయి. తగ్గి ఆడడానికి దానిలోనే నాయిస్ అనే అమరిక ఉంది. లెక్కల్లో కావాలనే కొంత గజిబిజి కలుపుతుంది. 0.04 దగ్గర అప్పుడప్పుడు మనిషిలా తప్పటడుగు వేస్తుంది.

బటన్ల నుంచి ఎత్తును చదివే భాగం పైథాన్‌లో విడిగా రాయాల్సి వచ్చింది. చెల్లే ఎత్తులను నా ప్రోగ్రామ్ కూడా లెక్కకట్టి, చెల్లని బటన్ నొక్కితే అక్కడికక్కడే కాదనాలి. యాదృచ్ఛికంగా పుట్టించిన స్థితులకు 21 రకాల పందేలూ ఇచ్చి, జీఎన్‌యూ ఇచ్చే జాబితాతో పోల్చాను. తేడాలు రెండు చోట్లే వచ్చాయి.

మొదటిది: రెండు పాచికల్లో ఒకటే ఆడగలిగితే పెద్ద అంకె ఆడి తీరాలి. ఉదాహరణకు పందెం 6-4. నా కాయ 20లో ఉంది. 14, 16 ఖాళీ. 10లో ఎదుటివాడి కాయలు రెండున్నాయి, కాబట్టి అక్కడ దిగలేను. మిగిలిన నా కాయలన్నిటికీ దారి మూసుకుంది. 6 ఆడితే 4 ఆగిపోతుంది, 4 ఆడితే 6 ఆగిపోతుంది. అప్పుడు 20/14 ఒక్కటే చెల్లుతుంది. నా జాబితాలో 20/16 కూడా ఉంది.

రెండోది కాయలు పండించుకునే దగ్గర. 6 పడినప్పుడు ఆరో గడి ఖాళీగా ఉంటే అయిదో గడి కాయను తీయవచ్చు, కానీ సొంత పాదం (1 నుంచి 6 గడులు) బయట ఒక్క కాయ ఉన్నా తీయకూడదు. ఈ షరతును పందెం మొదట్లో ఒకసారి చూస్తే చాలదు, ఒక్కో కాయ జరిపాక మళ్లీ చూడాలి.

సరిచేసిన క్రమం:

1. బార్ మీద కాయ ఉంటే ముందు దాన్నే దింపు.
2. రెండు పాచికలనూ రెండు వరుసల్లో, జంట అయితే నాలుగు సార్లు, చివరిదాకా ఆడి చూడు.
3. అన్నిటికంటే ఎక్కువ పాచికలు వాడిన ఎత్తులనే ఉంచు.
4. అవి ఒక్క పాచికవే అయితే పెద్ద అంకెవి మాత్రమే ఉంచు.

దీని తర్వాత తేడా రాలేదు.

తెరకు 128×64 చుక్కల ఓఎల్‌ఈడీ, 3.3 వోల్టుల మీద. సందేశాలు తెలుగులో పెట్టాలనుకున్నాను. బొమ్మలు గీసే పిల్లో లైబ్రరీ మొదట "డబుల్ ఇస్తున్నాను" అన్నదాన్ని "డబుల్ ఇస్‌తున్‌నాను" అని పొల్లులతో విడగొట్టి చూపింది. ఒత్తులు కుదరాలంటే రక్మ్ (Raqm) అనే లేఅవుట్ భాగం కూడా ఎక్కించాలి. ఎక్కించాక ఒత్తులు వచ్చాయి, కానీ వాటి అడుగులు తెగాయి. వరుస ఎత్తును 16 చుక్కల నుంచి 21కి పెంచితే సరిపోయింది. తెర మీద నాలుగుకు బదులు మూడు వరుసలే పడతాయి: పాచికలు, స్కోరు, క్యూబ్. అంతకంటే చెప్పేదీ లేదు.

ఖర్చు: బోర్డు 1,750, 16 గిగాబైట్ల కార్డు 380, తెర 260. మొత్తం: 5,150.

దశ 4: బటన్లు, దీపాలు

బటన్ల లెక్క: గడులకు 24, బార్‌కు 1, పండిన కాయలకు 1, పాచికల అంకెలకు 6, డబుల్, ఒప్పుకోలు, వదులుకోలు, వెనక్కి కలిపి 4. మొత్తం 36. ఆరు అడ్డం, ఆరు నిలువు తీగలతో అల్లితే 12 పిన్నులు చాలు. ఒకసారికి ఒక బటనే నొక్కుతాం కాబట్టి డయోడ్లు పెట్టలేదు. బటన్ నొక్కినప్పుడూ వదిలినప్పుడూ వచ్చే గజగజకు 20 మిల్లీసెకన్ల ఆగుడు.

యంత్రం తన ఎత్తును దీపాలతో చూపుతుంది. బయలుదేరే గడి దీపం మినుకుతుంది, చేరే గడి దీపం నిలకడగా వెలుగుతుంది, కాయ నేను జరిపి బటన్ నొక్కాలి. 24 ఎల్‌ఈడీలకు వాటిని వెలిగించే మ్యాక్స్ 7219 చిప్ ఒకటి చాలు. దశలన్నిటిలో ఎక్కువ సమయం తిన్నది ఇదే.

లక్షణం: కాసేపు బాగానే ఉండి, ఉన్నట్టుండి దీపాలన్నీ పూర్తి వెలుగుతో అలాగే ఉండిపోతాయి. తిరిగి మొదలుపెడితే బాగుంటుంది. టంకాలన్నీ మళ్లీ వేసినా మార్పు లేదు. తీగలు పొట్టి చేస్తే తగ్గింది, పోలేదు.

మల్టీమీటర్‌తో చూస్తే కారణం దొరికింది. చిప్‌కు ఇచ్చేది 5.02 వోల్టులు. ఆ సరఫరాలో ఒక సంకేతాన్ని ఒకటిగా గుర్తించాలంటే కనీసం 3.5 వోల్టులు కావాలని డేటాషీట్ చెబుతుంది. రాస్ప్‌బెర్రీ పై పిన్ను ఇచ్చేది 3.28. చాలాసార్లు అది చదువుకుంటుంది, ఎప్పుడో ఒకసారి తప్పు చదివి దీపాలన్నీ వెలిగించే పరీక్ష స్థితిలోకి పోతుంది. "నా దగ్గర నేరుగా కలిపినా పని చేస్తోంది" అనేవారి మాట నమ్మకండి. వాళ్ల దగ్గర ఇంకా చెడలేదు, అంతే.

మార్పులు:

1. మధ్యలో సంకేతం వోల్టేజీ పెంచే 74హెచ్‌సీటీ125 చిప్ పెట్టాను. దానికి 2 వోల్టులు చాలు, బయటికి 5 ఇస్తుంది. పేరులో "టీ" ఉండాలి. 74హెచ్‌సీ125 ఇస్తే తీసుకోవద్దు, దానికీ 3.5 వోల్టులే కావాలి.
2. చిప్ కాళ్ల పక్కనే 10 మైక్రోఫారడ్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు.
3. వెలుగు నిర్ణయించే నిరోధం 10 నుంచి 56 కిలో ఓములకు పెంచాను. రాత్రిపూట కళ్లలో గుచ్చడం లేదు.

తర్వాత రాత్రంతా నమూనా వెలుగులు తిప్పినా తప్పు రాలేదు. ఈ చిప్‌లన్నీ కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి. పేరు నోటితో చెప్పకుండా కాగితం మీద రాసి ఇవ్వడం మంచిది, ఆ "టీ" కోసం.

ఖర్చు: బటన్లు 120, మ్యాక్స్ చిప్ 90, ఎల్‌ఈడీలు, తీగలు 110, 74హెచ్‌సీటీ125 35, చిల్లుల బోర్డు 150. మొత్తం: 5,655.

దశ 5: కరెంటు

ఖాళీగా ఉన్నప్పుడు 5 వోల్టుల దగ్గర 130 మిల్లీ ఆంపియర్లు, ఆలోచించేటప్పుడు 460. పొదుపు కోసం వైఫై, హెచ్‌డీఎమ్‌ఐ ఆపితే ఖాళీలో 90కి దిగింది. దిగగానే పవర్ బ్యాంక్ తన మీద భారం లేదనుకుని ఆరిపోవడం మొదలుపెట్టింది. నేను ఎత్తు గురించి ఆలోచిస్తుంటే ఎదుటి ఆటగాడు స్పృహ తప్పుతున్నాడు.

పవర్ బ్యాంక్ వదిలేసి 2,600 మిల్లీ ఆంపియర్ అవర్ల 18650 లిథియం సెల్, టీపీ4056 ఛార్జింగ్ బోర్డు, 5 వోల్టులకు పెంచే చిన్న బోర్డు పెట్టాను. పెంచే బోర్డును రాస్ప్‌బెర్రీ పైకి తగిలించే ముందే మీటర్ చూస్తూ 5.1కి తిప్పుకోవాలి. పెట్టెలోంచి తీసినప్పుడు నాది 9కి పైగా చూపింది. సెల్ నిండితే ఏడు గంటల పైన ఆడుతోంది.

స్విచ్ నొక్కి నేరుగా ఆపితే కార్డు చెడే ప్రమాదం ఉంది. రాస్ప్‌బెర్రీ పై అమరికల్లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఉంది. దాన్ని పెడితే కార్డు మీద ఏమీ రాయదు, ఎప్పుడు ఆపినా ఫర్వాలేదు. అవసరం లేని సేవలు తీసేశాక స్విచ్ వేసినప్పటి నుంచి మొదటి దీపం దాకా 41 సెకన్లు కాస్తా 19 అయింది.

ఖర్చు: సెల్, తొట్టి 290, రెండు బోర్డులు 110, స్విచ్ 20. మొత్తం: 6,075.

దశ 6: చెక్క

9 మిల్లీమీటర్ల ప్లైవుడ్. వెడల్పు: 12 గడులు × 34 = 408, నడుమ బార్ 44, కలిపి 452. పొడవు: అటు అయిదు కాయలు 160, ఇటు 160, మధ్యలో 60, కలిపి 380. బటన్ గడి అంచు దగ్గర, దీపం గడి కొస దగ్గర. బటన్‌ను ముందు కొస దగ్గరే పెట్టాను. అయిదో కాయ జరిపేటప్పుడు మణికట్టు తగిలి నొక్కుకుపోతోందని అంచుకు మార్చాను. పాత రంధ్రాలు గుడ్డ కింద ఉన్నాయి. ప్లైవుడ్, జిగురు, గుడ్డ 680. మొత్తం: 6,755. ఎవరైనా దీన్నే కట్టుకోవాలంటే మొదటి దశ, సెన్సర్లు, అయస్కాంతాలు తీసేయండి. 4,435 అవుతుంది.

వాడుకలో తేలినవి

- క్రాఫర్డ్ ఆటలో డబుల్ బటన్ నొక్కితే తెర కాదంటోంది. తర్వాతి ఆటలో తీసుకుంటోంది. సరే.
- డబ్బు ఆటలో (మ్యాచ్ స్కోరు లేని విడి ఆటలో) నా గెలుపు అవకాశం పాతిక శాతం దగ్గర ఉన్నప్పుడు అది డబుల్ ఇస్తోంది. ఒప్పుకోవాలా వదలాలా అని నేను ఆగే చోట అది ఆగడం లేదు. పాత ఎల్‌సీడీ యంత్రం ఇలాంటి ప్రశ్న ఎన్నడూ వేయలేదు.
- పాచిక నేల మీద పడితే మళ్లీ వేయాలి. పలక మీద ఏటవాలుగా ఆగినా మళ్లీ వేయాలి. ఇది యంత్రానికి చెప్పాల్సిన పని లేదు, నాకే గుర్తుండాలి.
- తప్పు అంకె నొక్కితే "వెనక్కి" బటన్ పాచికలను కూడా తీసేస్తుంది. యంత్రం ఎత్తు చూశాక అది పని చేయదు. ఆ తలుపు తెరిచి ఉంచితే నా గుణం నాకు తెలుసు.
- క్యూబ్ చెక్కది, పలక మీదే ఉంటుంది. తిప్పడం మరిచిపోతే తెర మీద 4, చెక్క మీద 2. దీనికి సెన్సర్ పెట్టే ఆలోచన లేదు.